ఒకటే తొవ్వ ఆట

హాలియాలో సాగర్ రోడ్డు మీద ఖుద్దూస్ నడిపే వీడియో గేముల దుకాణంలో ఆ సంవత్సరం అందరూ ఆడిన ఆట ఒకటే. అందరూ తిట్టిన ఆటా అదే.

అది జపాను ఆట. హైదరాబాదు నుంచి తెప్పించిన సీడీల కట్టలో, కారు పందేలకూ కుస్తీలకూ మధ్య, ఎవరూ అడగకుండానే వచ్చింది. కవరు మీద ఒక మంచుకొండ, దాని ముందు మనకు వీపు పెట్టి నిలబడ్డ పిల్లవాడు. తెర మీద వచ్చే రాతంతా జపాను రాతే. అందులో ఒక్క అక్షరం తెలిసినవాడు హాలియాలో లేడు, ఆ మాటకొస్తే జిల్లా అంతా వెతికినా దొరికేవాడు కాడు. అందుకని ఆ పిల్లవాడు ఇల్లు విడిచి ఎందుకు బయల్దేరాడో, దారిలో కలిసినవాళ్లు వాడికేమవుతారో దుకాణంలో వాళ్లే తేల్చుకున్నారు. పేర్లు కూడా వాళ్లే పెట్టుకున్నారు. పిల్లవాడు పిలగాడు. విల్లు పట్టుకుని వెంట నడిచే అమ్మాయి బాణాల పిల్ల. భుజాన కర్ర, కర్రకు లాంతరు తగిలించుకుని మొదటి ఊరి చివర కలిసే ముసలాయన దీపం తాత.

అందరికంటే ఎక్కువ తిట్టేవాడు ఆటో నడిపే పర్వతాలు. కుస్తీ ఆటలో అతన్ని ఓడించినవాడు లేడు. వేళ్లు అంత చురుకు. అలాంటివాడికి ఈ ఆటలో పని లేదు. దారికి రెండు పక్కలా రాళ్లో, నీళ్లో, బల్లెం పట్టుకున్న సిపాయో. ముందుకు పోవాలి, లేదా వచ్చిన దారినే వెనక్కి రావాలి. "గిదేం ఆట భాయ్," అనేవాడు పర్వతాలు. "రోడ్డు దిగుదామంటే దిగనియ్యది. సాగర్ కాలువల పడ్డ కట్టె లెక్క, నీళ్లు ఎటు గుంజితే అటే పోవాలె."

బడిపంతులు ఏసోబు సారు ఆ మాట ఒప్పుకునేవాడు కాడు. పుస్తకం చదివేటప్పుడు కూడా పేజీలు వరసనే తిప్పుతాం, అంతమాత్రాన పుస్తకం పాడుదైపోతుందా అని ఆయన వాదన. పర్వతాలు తాను ఏడో తరగతి తరువాత పుస్తకం ముట్టలేదని, ముట్టకపోయినా ఆటో బాగానే నడుస్తున్నదని జవాబు చెప్పేవాడు. పక్కనే చాయ్ హోటల్ నడిపే చోటే మియా రిమోట్ ఎన్నడూ పట్టినవాడు కాడు. అయినా గ్లాసులు తీసుకుపోవడానికి వచ్చినప్పుడల్లా గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, "ఇన్ని దినాల సంది నడుస్తుండ్రు. ఒక్కతాన కూసొని చాయ్ తాగిండ్రా వీళ్లు," అని జాలిపడి పోయేవాడు.

తిడుతూనే అందరూ ఎందుకు ఆడారంటే, అందుకు ఆ దుకాణం పద్ధతి కారణం. ఆటను ఎక్కడిదక్కడ దాచిపెట్టే మెమరీ కార్డు ఖుద్దూస్ దగ్గర ఒక్కటే ఉంది. అందులో కార్ల పందేలూ కుస్తీలూ పోగా ఈ ఆటకు మిగిలింది ఒక్క ప్రయాణానికి సరిపడే జాగా. ఎవరికి వారు మొదలుపెడితే ఒకరిది ఒకరు చెరిపేసినట్టే. అందుకని దుకాణం మొత్తానికి కలిపి ఒకటే ప్రయాణం. ముందు ఆడినవాడు ఎక్కడ వదిలితే తరువాత కూర్చున్నవాడు అక్కడినుంచి అందుకోవాలి. కరెంటు పోయే వేళకు ముందే దారిలో కనిపించే నీలిరాయి దగ్గర నిలిపి సేవ్ చేయాలి. ఉన్నది ఒకటే దారి కాబట్టి ఎవరూ తప్పిపోయేది లేదు. పొద్దున దుకాణం తెరవగానే వచ్చినవాడు అడిగే మొదటి మాట, "యాడిదాక వచ్చిండ్రు?" చుట్టాల ప్రయాణం సంగతి అడిగినట్టే ఉండేది.

ఖుద్దూస్ మాత్రం ఆట మంచిదనీ అనలేదు, చెడ్డదనీ అనలేదు. నల్లగొండ కాలేజీలో బీకాం చదివినవాడు, నలభై దాటినవాడు, నెమ్మది మనిషి. ఆ గది ఒకప్పుడు ఆయన భార్య తాహేరా బట్టలు కుట్టే గది. రెండేళ్ల కింద జ్వరం పట్టుకుని వారం తిరక్కముందే ఆమె పోయింది. కుట్టు మిషన్ ఉన్న మూల ఖాళీగా చూడలేక అక్కడ టీవీ పెట్టి ఈ దుకాణం మొదలుపెట్టాడు. ఊడ్చేటప్పుడు ఇప్పటికీ బండల సందుల్లోంచి ఎర్రదో పచ్చదో దారం ముక్క పైకి వస్తుంది. దాన్ని చీపురుతో నెట్టడు. వంగి చేత్తో తీసి కిటికీ మీద పెడతాడు.

ఐలేశం ఆ దుకాణంలోకి వచ్చింది ఆట కోసం కాదు, ఫ్యాను కింద కాసేపు కూర్చోవడానికి. దవాఖానకు పోయి వస్తూ ఎండకు తాళలేక ఆగాడు. చండూరు అవతలి పల్లెలో నేతపని చేసేవాడు. ముప్పై ఐదేళ్లు ఉంటాయేమో. అక్కడి ఫ్లోరైడు బోరు నీళ్లు తాగి తాగి ఎముకలు బిగుసుకుపోయాయి. మెడ తిరగదు, పక్కకు చూడాలంటే మనిషే తిరగాలి. వేళ్లు సగం ముడిచినట్టు ఉండిపోయాయి. పోగు తెగితే ముడి వేయలేకపోయిన రోజు తమ్ముడు అతన్ని మగ్గం మీదినుంచి లేపి తాను కూర్చున్నాడు. ఆ తరువాత కృష్ణ నీళ్లన్నా తాగుతాడని అక్క సైదమ్మ హాలియాకు తెచ్చుకుంది. ఆమె రైసుమిల్లులో కూలికి పోతుంది.

చల్లబడేదాకా కూర్చున్న మనిషిని ఊరికే కూర్చోబెట్టడం ఎందుకని ఖుద్దూస్ రిమోట్ చేతికిచ్చాడు. కార్ల ఆటలో ఐలేశం కారు మొదటి మలుపులోనే గోడకు గుద్దుకుంది. కుస్తీ ఆటలో వేలు కదిలేలోపే అతని మనిషి వెల్లకిలా పడ్డాడు. ఐలేశం నవ్వి రిమోట్ తిరిగి ఇవ్వబోయాడు. అప్పుడు ఖుద్దూస్ జపాను సీడీ పెట్టాడు.

ఆ ఆటలో పోట్లాట కూడా వంతుల ప్రకారమే. మృగం ఒకసారి కొడుతుంది, తరువాత మన వంతు. కత్తి దూయాలా, బాణం వేయాలా, ఆకు నమిలి లైఫు పెంచుకోవాలా అని తెర మీద వరసలు వస్తాయి. వాటి పక్కన చిన్న చెయ్యి గుర్తు నిలబడుతుంది. మనం బటన్ ఒత్తేదాకా మృగమూ కదలదు, పిలగాడూ కదలడు. పర్వతాలు విసుక్కునేది సరిగ్గా దీన్నే. ఐలేశం వేలు బటన్ మీదికి చేరడానికి చాలాసేపు పట్టింది. మృగం పంజా ఎత్తి అలాగే నిలబడి ఉంది. ఐలేశం మనిషంతా తిరిగి ఖుద్దూస్ వైపు చూశాడు.

"ఇది ఆగుతాంది భాయ్," అన్నాడు.

ఆ మరుసటి రోజు మళ్లీ వచ్చాడు. ఆ తరువాత రోజూ వచ్చాడు. అతని వంతు వస్తే పర్వతాలు చాయ్ తాగడానికి బయటికి పోయి, తాగి వచ్చి, ఇంకా అదే పోట్లాట నడుస్తుంటే నెత్తి కొట్టుకునేవాడు. అయినా వంతు మాత్రం ఎవరూ తీసుకోలేదు. ఐలేశం ఆడితే తప్పులు తక్కువ. తొందర లేదు కాబట్టి ఆకులు వృథా చేసేవాడు కాదు. అన్నిటికంటే ముందు దీపం తాతకు లైఫు ఎంత ఉందో చూసేవాడు. ముసలాయనకు దెబ్బ తగిలితే, "జర ఓపిక వట్టు తాతా," అని తెరతో మాట్లాడేవాడు. ఏసోబు సారు దీపం తాత పిలగాడి తాతేనని తేల్చాడు. తాత కాదు, వాడి ఊరి కావలివాడని పర్వతాలు అన్నాడు. ఎవరేమన్నా ఆ ముసలాయన అంటే అందరికీ ఇష్టమే. గుహల్లో నడిచేటప్పుడు ఆయన చుట్టూ మాత్రమే వెలుగు ఉండేది.

అలా చలికాలానికి ప్రయాణం మంచుకొండ కనుమకు చేరింది. కవరు మీద ఉన్న కొండ అదే. ఆ రోజు రిమోట్ ఐలేశం చేతిలో ఉంది. కనుమ మొదట్లో తెల్లటి ఎలుగుబంటి అడ్డం వచ్చింది. అది ప్రతి దెబ్బా తాతనే కొట్టింది. ఆకులన్నీ అయిపోయి ఒక్కటే మిగిలింది. తాత లైఫు ఎర్రటి గీత అంత. దుకాణమంతా బెంచీ మీదినుంచి ముందుకు వంగి చూస్తోంది. చెయ్యి గుర్తును తాత వరసకు దించాలి. ఐలేశం బొటనవేలు కిందికి ఒత్తింది, ఒత్తిన చోటే బిగుసుకుంది, ఊడదీసుకోబోతే పైకి జారి తగిలింది. ఆకు పిలగాడికి పోయింది. పిలగాడి లైఫు అప్పటికే నిండుగా ఉంది. మరుసటి దెబ్బకు తాత మోకాళ్ల మీద కూలాడు.

ఎలుగును మిగిలిన ఇద్దరూ ఎలాగో చంపారు. తాత లేచి నిలబడ్డాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కానీ ఆ వెంటనే తెర తనంతట తానే నడవడం మొదలుపెట్టింది. గాలి, మంచు. జపాను రాత వచ్చింది, ఒత్తితే ఇంకా వచ్చింది. తాత భుజాన ఉన్న కర్రను కనుమ మొదట్లో పాతి, లాంతరు దానికి తగిలించి, పక్కన కూర్చున్నాడు. పిలగాడూ బాణాల పిల్లా ఆ వెలుగులో దారి చూసుకుంటూ కనుమ దాటారు. ఆయన రాలేదు. అవతలికి చేరాక చూస్తే, వరసలో మూడో పేరు ఉండే చోట ఏమీ లేదు.

మొదట మాట్లాడింది పర్వతాలే. "నువ్వే చంపినవ్ అన్నా," అన్నాడు. "తాతకియ్యాల్సిన ఆకు పిలగానికిస్తివి. దెబ్బలకు నడవలేకనే గాడ కూలబడ్డడు."

పర్వతాలు ఆ మాట కసితో అనలేదు. ఆటో స్టార్టు కాకపోయినా అదే గొంతుతో తిడతాడు. ఏసోబు సారు కాదనవలసింది, కానీ ఆయనకూ అలాగే తోచింది. తల దించుకుని కూర్చున్నాడు. ఆ రాతలో తాత ఏం చెప్పాడో చదివినవాడు ఒక్కడున్నా సంగతి వేరుగా ఉండేది. లేడు కాబట్టి కళ్లతో చూసిందే నిజమైంది. ఐలేశం తన బొటనవేలును, అది మరెవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

"నిజమే. పట్టు తప్పింది," అన్నాడు. రిమోట్ జాగ్రత్తగా కింద పెట్టి, లేచి వెళ్లిపోయాడు.

మళ్లీ రాలేదు.

తాత లేకుండా ముందుకు పోవడం ఎవరికీ ఇష్టం లేకపోయింది. కరెంటు పోకముందే ఖుద్దూస్ అలవాటుగా అవతలి నీలిరాయి దగ్గర సేవ్ చేసేశాడు కాబట్టి వెనక్కి పోయే వీలూ లేదు, ప్రయాణం కనుమ అవతలే నిలిచిపోయింది. పర్వతాలు కొన్నాళ్లు కుస్తీలు ఆడాడు, కార్లు నడిపాడు. చివరికి ఒకనాడు, తాను మొదటినుంచి ఆడి తాతను బతికించి చూపిస్తానన్నాడు. కార్ల పందేల రికార్డులు చెరిపి కార్డులో జాగా చేయమన్నాడు. ఆ రికార్డులన్నీ తనవే. ఖుద్దూస్ చెరిపాడు. దుకాణానికి కళ తిరిగి వచ్చింది. పోయినసారి నెలలు పట్టిన దారి, ఇప్పుడు ప్రతి రాయీ తెలిసిందే కాబట్టి, పరుగులాగే సాగింది.

ఆ మధ్యలోనే ఒక పొద్దున ఖుద్దూస్ సైదమ్మ ఇంటికి వెళ్లాడు. ఐలేశం మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. సైదమ్మ ఖుద్దూస్‌ను వాకిట్లోనే ఆపింది.

"ఏమైంది తమ్మీ మీ తాన?" అని మెల్లగా అడిగింది. "నా తమ్ముడు ఇప్పుడు అన్నం ముద్ద గూడ కలుపుకోడు. పారబోస్త అంటడు, నన్నే పెట్టమంటడు. ఈడికి తెచ్చిన కొత్తల గట్లనే ఉండె. మీ తానికి రావట్టినంక చిక్కుడుకాయలు గిల్లుతుండె, అంగి గుండీలు పెట్టుకుంటుండె. మల్ల మొదటికొచ్చింది."

ఖుద్దూస్ లోపలికి వెళ్లి మంచం చివర కూర్చున్నాడు. అది ఆట అని, ఆటలో ఎవరూ చావరని, బతకరని చెప్పాడు. చెబుతుంటేనే ఆ మాట చాలదని తనకే తెలుస్తోంది.

"ఆటనే గదా భాయ్," అన్నాడు ఐలేశం. "మగ్గమంటే పోయింది, సరే. గా ఆట నా కోసం ఆగింది. ఆగి, నా చేతికి టైమిచ్చింది. అయినా తప్పిన. ఇంక నా చేతులకు ఏ పని చెప్పాలె?"

తరువాత తానే అడిగాడు, పర్వతాలు మళ్లీ మొదలుపెట్టాడట కదా అని. అవునన్నాడు ఖుద్దూస్.

"వాని చేతిల బతుకుతడు తాత. బతకాలె. కొండకాడికి చేరిన్నాడు నాకు కబురు చెయ్యి. చూస్త."

కబురు చేస్తానని మాటిచ్చి బయటపడ్డాక గానీ, తాను దేనికి మాటిచ్చాడో ఖుద్దూస్‌కు పూర్తిగా తెలియలేదు. పర్వతాలు చేతిలో తాత బతికితే, ఐలేశం తన అనుమానానికి కళ్లారా సాక్ష్యం చూసినట్టే. ఆ తరువాత అతని వేళ్లు ఇక ఏ పనికీ చాచుకోవు. దారి పొడుగునా ఖుద్దూస్ అదే ఆలోచించాడు. అడుగు పక్కకు వేయనివ్వని ఆట, ఒక మనిషి చావును మాత్రం మన వేళ్లకు వదిలిపెడుతుందా? వదలదనిపించింది. కానీ అదే ఆటలో పిలగాడు ఎన్నోసార్లు చచ్చాడు, చచ్చినప్పుడల్లా నీలిరాయి దగ్గర లేచాడు. ఒట్టు పెట్టి చెప్పగలిగింది ఏమీ లేదు. సీడీ గీతలు పడి చెడిపోయిందని చెబితే సరి. ఒక మేకుతో గీసినా చాలు.

దుకాణానికి వచ్చి సీడీ చేతిలోకి తీసుకున్నాడు కూడా. కానీ గీయలేదు. తాహేరా పోయినప్పటి నుంచి ఆయన మనసులో తిరిగే వారం ఒకటుంది. సోమవారం సాయంత్రం బస్సు అందుకుని ఆమెను నల్లగొండ దవాఖానకు తీసుకుపోయి ఉంటే అని ఒకసారి, అసలు హైదరాబాదే తీసుకుపోయి ఉంటే అని మరోసారి. ఆ వారానికి మనసులో ఎన్నో దారులు. ప్రతి దారిలోనూ తాహేరా బతికే ఉండేది. బతికిన ప్రతిసారీ తప్పు తనదే అయ్యేది. ఇది ఎవరికీ చెప్పుకునే సంగతి కాదు. గోడ వైపు తిరిగి కూర్చున్న మనిషిని చూశాక మాత్రం, తెలుసుకోకుండా బతకడం ఎలా ఉంటుందో తనకు తెలుసని ఖుద్దూస్‌కు అనిపించింది. సీడీని మళ్లీ కవరులో పెట్టాడు.

శుక్రవారం జుమ్మా నమాజు చేసుకుని వచ్చేసరికి దుకాణం నిండి ఉంది. పర్వతాలు కనుమకు ముందున్న నీలిరాయి దగ్గర ఆట నిలిపి కూర్చున్నాడు. ఆటో బయట ఉంది. ఖుద్దూస్ కబురు చేసేదాకా ఆగకుండా సైదమ్మనూ ఐలేశాన్నీ తానే ఎక్కించుకుని వచ్చాడట. ఐలేశం బెంచీ కొసన, తెరకు ఎదురుగా, కర్రలా బిగుసుకుని ఉన్నాడు. ఏసోబు సారు పక్కనే చోటు చేసుకున్నాడు. చోటే మియా హోటల్ వదిలేసి గుమ్మంలో నిలబడ్డాడు.

పర్వతాలు ఈసారి సంచి నిండా ఆకులు తెచ్చాడు. ముగ్గురికీ మంచి కవచాలు తొడిగాడు. ఎలుగు తాతను కొట్టగానే ఆకు, కొట్టగానే ఆకు. అతని వేళ్లు కనిపించనంత వేగంగా ఆడాయి. ఎలుగు కూలేసరికి తాత లైఫు పచ్చగా, నిండుగా ఉంది. ఏసోబు సారు "బతికిండు," అన్నాడు. ఐలేశం కళ్లు మూసుకున్నాడు. ఆ ముఖంలో సంతోషం ఉంది. దాన్ని చూడటం ఖుద్దూస్ వల్ల కాలేదు. ఆయన కిటికీ వైపు తిరిగాడు.

అప్పుడు గాలి చప్పుడు మొదలైంది.

తిరిగి చూసేసరికి తాత భుజం మీది కర్ర దించుతున్నాడు. పర్వతాలు బటన్లన్నీ ఒకేసారి నొక్కాడు. తాత కర్ర పాతాడు. లాంతరు తగిలించాడు. కూర్చున్నాడు. మంచు ఆయన భుజాల మీద పడుతూ ఉంది.

"ఎందుకు కూసున్నడు?" అన్నాడు పర్వతాలు. "ఏమైందని? ఒక్క దెబ్బ గూడ లేదు గదా."

పర్వతాలు గేము మిషన్ ఆపి, మళ్లీ వేసి, నీలిరాయి దగ్గరినుంచి ఆడాడు. ఈసారి తాతను పోట్లాటలో అసలు ముందుకు రానివ్వలేదు. అయినా గాలి వచ్చింది, తాత కూర్చున్నాడు. మళ్లీ ఆపి వేశాడు. కనుమలోకి పోకుండా వెనక్కి తిప్పి చూశాడు. వెనక ఎక్కడికి పోయినా తిరిగి రావలసింది ఆ కనుమకే. ఆ తిరుగుడులో ఆకులు తగ్గిపోయాయి. పర్వతాలు చొక్కా వీపున తడిసింది. ఎలుగును మరోసారి చంపాడు. గాలి వచ్చింది. తాత పిలగాడి వైపు తిరిగాడు. రాత వచ్చి నిలిచింది. ఇక్కడ బటన్ ఒత్తాలి, ఒత్తితే తాత కర్ర దించుతాడు.

పర్వతాలు ఒత్తలేదు. హాలియాలోకెల్లా చురుకైన బొటనవేలు బటన్ మీద ఆనించి అలాగే ఉండిపోయాడు. తెర మీద ముగ్గురూ మంచులో నిలబడి ఉన్నారు. బయట బస్సు ఒకటి వచ్చి, జనాన్ని దించి, పోయింది. అతను ఒత్తేదాకా ఆ ముగ్గురూ అలాగే ఉంటారు. ఎంతసేపైనా ఉంటారు. దుకాణంలో ఉన్న అందరికీ అది అర్థమైంది. అతన్ని తొందరపెట్టినవాడు లేడు.

"ఒత్తు తమ్మీ," అన్నాడు ఐలేశం. గొంతు మెత్తగా ఉంది. "ఎంతసేపు నిలవెడ్తవు ఆయినని చలిల."

పర్వతాలు తల తిప్పి చూశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నా చేతుల గూడ ఉంటలేడన్నా," అన్నాడు. "నేను ఊకె నిన్ను అంటి."

"ఒత్తు."

ఒత్తాడు. తాత కర్ర దించాడు, పాతాడు, లాంతరు తగిలించాడు. ఈసారి ఎవరూ ఏమైందని అడగలేదు. ఏసోబు సారు మాత్రం, బడిలో పిల్లలకు చదివి చెప్పినట్టు, ఆ రాతకు తనకు తోచిన మాటలు మెల్లగా చెప్పాడు. నాకు నడక కాదు బిడ్డా, దీపం ఉంటది, మీరు వెలుగుండంగ దాటుండ్రి అని అంటున్నాడేమో అన్నాడు. అది నిజంగా అక్కడ రాసి ఉందో లేదో ఎవరికీ తెలియదు. పర్వతాలు కూడా కాదనలేదు. సైదమ్మ ఇదంతా మొదటిసారి చూస్తోంది. బొమ్మల మనిషి కోసం ఇంతమంది మగవాళ్లు ఇలా అయిపోవడం ఏమిటో ఆమెకు తెలియలేదు గానీ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఖుద్దూస్ గోడకు ఆనుకున్నాడు. ఆయన ఆ క్షణంలో తాత గురించి ఆలోచించడం లేదు. సోమవారం సాయంత్రం బస్సు ఆయన మనసులో వచ్చి ఆగింది. ఆయన ఎక్కలేదు. అది వెళ్లిపోయింది. ఎన్ని దారులు తిప్పి చూసినా ఆ వారం అక్కడికే పోతుందని అనుకోవడంలో ఇంత నెమ్మది ఉంటుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. అది నిజమో కాదో ఆయనకు చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు. అయినా ఆ మధ్యాహ్నానికి అది చాలు అనిపించింది.

తెర మీద పిలగాడూ బాణాల పిల్లా కనుమ అవతలి గట్టున నిలబడ్డారు. వరసలో మూడో చోటు ఖాళీగా ఉంది. పర్వతాలు రిమోట్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, ముందుకు పోలేదు.

ఐలేశం బెంచీ మీద కొంచెం కొంచెంగా జరిగి అతని పక్కకు వచ్చాడు. వేళ్లు ముడుచుకున్న అరచేయి చాచాడు. "ఇటియ్యి. ఇది నా వంతు గావొచ్చు," అన్నాడు.

పర్వతాలు రిమోట్‌ను ఆ అరచేతిలో పెట్టి, అది కుదురుకునేదాకా చెయ్యి తీయలేదు. ఐలేశం మొదట పిలగాణ్ని వెనక్కి తిప్పాడు. కనుమ మూసుకుపోయి ఉంది. మంచు రాళ్ల మీదుగా దూరాన ఒక చిన్న పసుపుపచ్చ చుక్క కనిపిస్తోంది. పిలగాడు అటు చూస్తూ నిలబడ్డాడు. ఐలేశం కూడా చూశాడు. ఎంతసేపు చూశాడో గానీ, ఎప్పుడూ సగం చాయ్‌కే విసుక్కునే పర్వతాలు నోరెత్తలేదు.

తరువాత బొటనవేలు కదిలింది. బిగుసుకుంది, మళ్లీ కదిలింది. పిలగాడు దారి వైపు తిరిగాడు. ఆ దారి కిందికి దిగుతోంది. దిగువన ఇంతవరకు ఎవరూ చూడని ఊరేదో ఉంది, ఇళ్ల పైకప్పులు మాత్రం కనిపిస్తున్నాయి. ఇది లోకంలోకెల్లా పాడు ఆట అని పర్వతాలు గొణిగాడు. గొణిగి, ఇంకా బాగా కనిపించడానికి నేల మీదికి దిగి తెర ముందు కూర్చున్నాడు. "ఆ ఊరి పేరేమనుకుందాం సారూ?" అని అడిగాడు ఐలేశం, తల తిప్పకుండా, పిలగాణ్ని ఒక్కొక్క అడుగే దించుతూ.